బస్టాండులో ఇచ్చిన 1,500కి పుణ్యం వస్తుందా, రాదా?

బైరాగిపట్టెడ బాబు · శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా చదువుతున్నా గానీ ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

ఆగస్టులో మా అమ్మకు మోకాలి ఆపరేషన్. ఆ రోజు పొద్దున ఆరున్నరకు తిరుపతి ఆర్టీసీ బస్టాండు బయట ఫ్లాస్కులో కాఫీ పోయించుకుంటున్నా. ఒకాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. నుదుట నామం, గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. ఇద్దరు పిల్లలు, వాళ్ళకూ గుండ్లే. దర్శనం చేసుకుని కిందికి దిగామని, రద్దీలో పర్సు, ఫోను రెండూ పోయాయని, కర్నూలు అవతల పల్లెకు పోవాలని చెప్పాడు. చెయ్యి చాచలేదు. నేను పడిపోయింది అక్కడే. "పిల్లోళ్ళు నిన్న మధ్యాహ్నం తిన్నదే సార్" అని ఊరుకున్నాడు.

జేబులో ఉన్న 1,500 తీసి ఇచ్చేశా. దాచుకోకుండా చెప్తున్నా, ఇచ్చేటప్పుడు మనసులో ఒక లెక్క వేసుకున్నా. స్వామీ, ఈ పుణ్యం నాకొద్దు, అమ్మ కాలికి చేర్చు అని. ఆపరేషన్ బాగా అయింది. అమ్మ ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరి దాకా పోయి వస్తోంది.

పోయిన ఆదివారం అదే చోట అదే మనిషి. అదే పిల్లలు, అదే తడి గంధం. రెండు నెలలకు జుట్టు పెరగాలి కదా, పెరగలేదు. మళ్ళీ గీయించాడన్నమాట. ఈసారి వాళ్ళ ఊరు అనంతపురం దగ్గర. ఇంకెవరో జేబులోంచి 500 తీస్తున్నారు.

అప్పటి నుంచి మనసు బాగాలేదు. డబ్బు పోయినందుకు కాదు. ఆ రోజు అమ్మ పేరు మీద దేవుడి దగ్గర వేసిన చెక్కు బౌన్స్ అయినట్టుంది. మోసగాడికి చేసిన సాయానికి పుణ్యం ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నిమ్మసోడా · శనివారం రాత్రి 10:50

ఆపరేషన్ బాగా అయిందిగా. ఇప్పుడు దాన్ని కూడా వాపసు ఇచ్చేస్తావా ఏంది?

తిరుచానూరు అక్క · శనివారం రాత్రి 11:05

సోడా తమ్ముడూ, కొత్తగా వచ్చిన పిల్లోడి మీద అప్పుడే మొదలుపెట్టావా? బాబూ, వీడి మాటలు పట్టించుకోకు, మనసు మంచిదే. అమ్మను మెట్లు ఎక్కనివ్వద్దు, ఆర్నెల్లు జాగ్రత్త. నీ ప్రశ్నకు మేష్టారు వస్తే చెప్తారు, తెల్లవారుజామునే లేస్తారు ఆయన.

పాకాల మేష్టారు · ఆదివారం ఉదయం 5:12

లేచాను అమ్మా.

బాబుగారూ, మీ ప్రశ్న పాతదే, బస్టాండొక్కటే కొత్తది. గీత 17వ అధ్యాయంలో దానాన్ని మూడు రకాలుగా చెప్పారు. ఇవ్వాలి కాబట్టి ఇస్తున్నా అనుకుని, తిరిగి మనకేమీ చేయలేనివాడికి, చోటూ వేళా మనిషీ చూసి ఇచ్చేది సాత్త్వికం. ఏదో ఒక ఫలం ఆశించి గానీ, గొణుక్కుంటూ గానీ ఇచ్చేది రాజసం. అపాత్రుడికి, వేళ కాని వేళ ఇచ్చేది తామసం.

మీరు మోసపోయిన సంగతి పక్కన పెట్టండి. "ఈ పుణ్యం అమ్మ కాలికి" అన్నారు చూడండి, అక్కడే రాజసంలో పడ్డారు. ఆ మనిషి నూటికి నూరుపాళ్ళు నిజం చెప్పి ఉన్నా మీరు రాజసమే. తల్లి కోసం కాబట్టి, జీవితమంతా పేపర్లు దిద్దిన చేత్తో సగం మార్కులు వేస్తాను.

ఇంకో మాట. మూడో రకం దగ్గర అందరూ 'అపాత్రుడు' అన్న మాట పట్టుకుని ఆగిపోతారు. అదే శ్లోకంలో 'అసత్కృతమ్, అవజ్ఞాతమ్' అని కూడా ఉంది. మర్యాద లేకుండా, చులకనగా ఇవ్వడం. అంటే అర్హుడికే ఇచ్చినా విసిరేసినట్టు ఇస్తే అదీ ఆ గంపలోకే పోతుంది. గుడి ముందు కారు అద్దం రెండంగుళాలు దించి చిల్లర రాల్చేవాళ్ళకు ఈ సగం ఎవరూ చెప్పరు.

నిమ్మసోడా · ఆదివారం ఉదయం 8:30

మేష్టారూ, నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదని ఇక్కడ అందరికీ తెలుసు. కానీ మా తాత పక్కలో పడుకుని పురాణాలు విన్నోణ్ణి. నాదొక డౌటు.

రంతిదేవుడు 48 రోజులు పస్తుండి, చివరికి దొరికిన అన్నమూ నీళ్ళూ కూడా అడిగినోళ్ళకు ఇచ్చేశాడు. అడిగిందెవరు? వేషం మార్చుకొచ్చిన దేవతలు. శిబి దగ్గరికి పావురంగా, డేగగా వచ్చిందెవరు? అగ్నీ, ఇంద్రుడూ. కర్ణుడి కవచం అడిగింది బ్రాహ్మడి వేషంలో ఇంద్రుడే. బలి దగ్గరికి పొట్టివాడిగా వచ్చి మూడడుగులు చాలన్నదెవరో చెప్పక్కర్లేదు, కొండ మీదున్న ఆయనే. ధర్మరాజు అశ్వమేధానికి సగం బంగారు ఒంటితో ముంగిస వచ్చిన కథ ఉంది కదా. అందులో ఆ పేద కుటుంబం పేలపిండి మొత్తం తినేసిపోయిన అతిథి కూడా మారువేషంలో ఉన్న ధర్ముడే.

మన పురాణాల్లో దానం అడిగినోళ్ళలో నిజం చెప్పినోణ్ణి ఒక్కణ్ణి చూపించండి. అందరూ అబద్ధం చెప్పి తీసుకున్నోళ్ళే! ఇచ్చినోళ్ళకు మాత్రం కీర్తి, మోక్షం. మరి మన బస్టాండు ఆసామి చేసిన తప్పేంది?

చిత్తూరు నీలం · ఆదివారం ఉదయం 8:41

కుచేలుడు!!

నిమ్మసోడా · ఆదివారం ఉదయం 8:43

కుచేలుడు అడగనేలేదు నీలం. అటుకుల మూట దాచుకుని కూర్చున్నాడు. ఇంకో పేరు చెప్పు.

చిత్తూరు నీలం · ఆదివారం ఉదయం 9:20

ఆలోచిస్తున్నా...

పాకాల మేష్టారు · ఆదివారం ఉదయం 10:02

సోడా, ముప్పై ఏళ్ళకు పైగా పాఠం చెప్పాను, ఏ పిల్లవాడూ ఈ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజు సెలవు ఇచ్చేవాణ్ణి.

కానీ ఒక తేడా ఉంది. బలికి శుక్రాచార్యుడు చెప్పాడు, వచ్చినవాడు మామూలు వటువు కాదు, ఇవ్వకు అని. కర్ణుడికి సూర్యుడే కలలో కనబడి హెచ్చరించాడు. వాళ్ళిద్దరూ తెలిసి ఇచ్చారు. మన బాబుకు ఎవరూ చెప్పలేదు. తెలియక ఇచ్చి, తెలిశాక బాధపడుతున్నాడు. ఇంద్రుడు జీవితంలో ఒక్కసారి వచ్చి అడిగాడు, ఆదివారం ఆదివారం రాలేదు. అదీ చూడాలి.

టమాటా మండీ · ఆదివారం మధ్యాహ్నం 1:15

సలాం, నమస్తే. మదనపల్లె మండీలో లెక్కలు రాసే పని నాది. క్రేట్లు లెక్కపెట్టడమే వచ్చు, శాస్త్రం తెలీదు. మసీదులో విన్నది చెప్తా.

హదీసుల్లో, అంటే ప్రవక్త చెప్పిన మాటల్లో, ఒక కథ ఉంది. ఒకాయన ఈ రాత్రి దానం చేస్తానని బయల్దేరి, చీకట్లో ఒకడి చేతిలో పెట్టి వచ్చేశాడు. తెల్లారి చూస్తే వాడు దొంగ. ఊరంతా నవ్వింది. మరుసటి రాత్రి ఇంకొకరికి ఇచ్చాడు, ఆమె వ్యభిచారం చేసే మనిషి. మూడో రాత్రి ఇచ్చింది బాగా డబ్బున్నోడికి. మూడుసార్లూ ఆయన "అల్లాహ్, నీకే స్తుతి" అనే అన్నాడు. అప్పుడు కలలో ఆయనకు చెప్పారట. నీ దానంతో ఆ దొంగ దొంగతనం మానొచ్చు, ఆమె ఆ పని మానొచ్చు, డబ్బున్నోడికి సిగ్గేసి వాడూ ఇవ్వడం నేర్చుకోవచ్చు అని. ఇచ్చింది వృథా పోలేదని పెద్దలు దీన్ని చూపిస్తారు.

ఇది సదఖా సంగతి, మనసుకొద్దీ ఇచ్చేది. జకాత్ వేరు, అది లెక్క. ఏడాది పాటు మన దగ్గర నిలిచిన సొమ్ములో నూటికి రెండున్నర. అది ఎవరికి చేరాలో ఖురాన్‌లో ఎనిమిది రకాల మనుషుల్ని చెప్పారు, కాబట్టి విచారించి ఇవ్వాలి. ఆ ఎనిమిదిలో ఒకడు బాటసారి. ఊరుగాని ఊళ్ళో చేతిలో పైసా లేకుండా చిక్కుకున్నోడు. సొంతూళ్ళో ఇల్లూ పొలం ఉన్నా సరే, ఆ పూటకు వాడు హక్కుదారే. చూడన్నా, 1,400 ఏళ్ళ కిందటే మీ బస్టాండు మనిషికి లిస్టులో చోటుంది. నిజమైన బాటసారికి.

నైట్ డ్యూటీ · ఆదివారం సాయంత్రం 4:48

నేను నర్సుని. ఏ ఆసుపత్రో చెప్పను.

బాబు తమ్ముడూ, ఒక సంగతి చెప్పనా, మా దగ్గర ఎవరూ కథలు చెప్పరు. పోయిన నెల మేల్ వార్డులో ఒక పిల్లోడు, పన్నెండేళ్ళు. వాళ్ళ నాయన రాత్రంతా వాటర్ బాటిల్ పట్టుకుని కుళాయికీ మంచానికీ తిరుగుతున్నాడు. ఎందుకింత దాహం, షుగర్ ఏమన్నా ఉందా అని టెస్టు చేద్దామనుకున్నా. రెండో రోజు రాత్రి అర్థమైంది. ఆకలికి నీళ్ళు తాగుతున్నాడు. పిల్లోడికి వచ్చే బ్రెడ్డులో వాడు వద్దని పెట్టేసిన అంచులు తువ్వాలులో కట్టుకుని పొద్దున తింటున్నాడు. నేను నా డబ్బాలో చిత్రాన్నం సగం పెట్టి ఇస్తే "తిన్నాను మేడమ్" అన్నాడు. పారేస్తాను, ఎక్కువైంది అని అబద్ధం చెప్తే తీసుకున్నాడు. సోడా తమ్ముడు అన్నట్టు అడిగేవాళ్ళే కాదు, ఇచ్చేవాళ్ళం కూడా అబద్ధాలు చెప్తాం.

మా బైబిల్లో మంచి సమరయుడి కథ అందరికీ తెలుసు. దారిలో పడున్నవాణ్ణి మోసుకుపోయిన దాకా చెప్పి ఆపేస్తారు. నాకు ఇష్టమైంది ఆ తర్వాతది. వాణ్ణి పూటకూళ్ళ ఇంటికి చేర్చి, మర్నాడు పోతూ పోతూ రెండు దేనారాలు ఆ పూటకూళ్ళవాడి చేతికి ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. దెబ్బలు తగిలినవాడి చేతికి డబ్బు ఇవ్వలేదు, వాడి పని ఎక్కడ జరగాలో అక్కడ కట్టాడు. మీరూ కౌంటర్లో టికెట్టే కొనిచ్చి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

అన్నట్టు, సమరయుడి మాట వచ్చింది కాబట్టి. రోడ్డు మీద యాక్సిడెంట్ అయినవాళ్ళను తీసుకురావడానికి జనం ఇంకా భయపడుతున్నారు, పోలీసు కేసు అంటారని. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అని చేర్చారు. మంచి మనసుతో సాయం చేసి తెచ్చినవాళ్ళ మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. చేర్చి వెళ్ళిపోవచ్చు. కాస్త నలుగురికీ చెప్పండి.

కుప్పం ప్యాసింజర్ · ఆదివారం రాత్రి 9:33

ఈ థ్రెడ్ రెండుసార్లు మూసేసి మళ్ళీ తెరిచా. రాయాలా వద్దా అని.

2009లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఒక్కణ్ణే కొండకు వచ్చి, గుండు గీయించుకుని, దర్శనం అయ్యి, రాత్రికి తిరుపతి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పడుకున్నా. తెల్లారి లేస్తే తల కింద పెట్టుకున్న బ్యాగు లేదు. పర్సు, బట్టలు, ఫోను, తిరుగు టికెట్, లడ్డు కవరు, అన్నీ అందులోనే. ఒంటి మీద బనీను, లుంగీ. చొక్కా మడిచి బ్యాగులో పెట్టి పడుకున్నా మరి.

పదకొండు మందిని అడిగా. ఒక్కో మనిషి ముఖం ఇప్పటికీ చెప్పగలను. ఒకాయన "నిన్న కూడా నువ్వే వచ్చావు కదరా" అన్నాడు. నిన్న నేను క్యూలో ఉన్నా! ఎంత చెప్పినా వినడు. అప్పుడు చుట్టూ చూస్తే అర్థమైంది. గుండుతో, నామంతో తిరుపతిలో అందరం ఒకేలా ఉంటాం. ఎవడో దొంగ గుండు నాకంటే ముందు వచ్చి పోయాడు, వాడి తిట్లు నేను తింటున్నా.

చివరికి ఇచ్చింది అరటిపళ్ళ బండి అవ్వ. నేను ఆమెను అడగలేదు కూడా. ఎంతసేపటి నుంచి చూస్తోందో, పిలిచి నాలుగు పళ్ళూ 120 రూపాయలూ చేతిలో పెట్టింది. "దొంగైనా ఆకలేస్తాది కదా" అంది. అంటే ఆమె కూడా నన్ను నమ్మలేదు. నమ్మకుండానే ఇచ్చింది.

ఏడాది తర్వాత తిరిగి ఇద్దామని వెళ్ళా. సినిమాలో లాగా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది అనుకున్నా. ఆమెకు నేను గుర్తే లేను. 120 అంటే ఒప్పుకోదు. "నేను ఎవురికీ నూరు రూపాయలకు మించి ఇయ్యను నాయనా, నువ్వేదో పొరబడినావు" అని 20 వెనక్కిచ్చి, ఆ 20కి కూడా పళ్ళు కొనుక్కోమంది. కొనుక్కున్నా.

బాబన్నా, నీ బాధ అర్థమవుతుంది. కానీ ఒక్కటి అడుగుతా, ఏమనుకోకు. నువ్వు ఆదివారం చూసింది ఆగస్టు మనిషినే అని గ్యారంటీనా?

చిత్తూరు నీలం · ఆదివారం రాత్రి 9:51

అన్నా, మీ పోస్టుకు దండం. ఆ అవ్వ డైలాగు నా స్టేటస్‌లో పెట్టుకుంటున్నా.

అసలు ఇప్పుడు కొంతమంది పది అన్నం పొట్లాలు పంచి ముప్పై రీల్స్ తీస్తారు. తీసుకునే ముసలమ్మ ముఖం క్లోజప్. కొంగు అడ్డం పెట్టుకుంటుంటే "అవ్వా, ఇటు చూడవ్వా" అని మళ్ళీ ఇప్పిస్తారు, టేకు బాగా రాలేదని. నేను కళ్ళారా చూశా.

పులిచెర్ల కింగ్ · ఆదివారం రాత్రి 10:04

నీలం, అందర్నీ ఒకే గాటన కట్టొద్దు. మా ఫ్రెండ్స్ గ్రూపు వీడియో పెడితేనే కువైట్‌లో ఉన్న మా ఊరోళ్ళు డబ్బులు పంపిస్తారు. వీడియో లేకుంటే "నిజంగా పంచినారా" అని అడిగేదీ వాళ్ళే. మేం ముఖాలు తీయం, చేతులు మాత్రమే. సాయం చేయాలనుకునేవాళ్ళు ఈ యూపీఐకి [తొలగించబడింది]

మోడరేటర్ · ఆదివారం రాత్రి 10:11

యూపీఐ ఐడీలు, క్యూఆర్ కోడ్‌లు ఇక్కడ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి కింగ్? దాన సంబంధమైన థ్రెడ్డయినా రూలు రూలే. చర్చ బాగుంది, కొనసాగించండి.

తిరుచానూరు అక్క · సోమవారం ఉదయం 11:20

పని అయ్యాక తీరిగ్గా రాస్తున్నా.

నేను శ్రీవారి సేవకు నాలుగుసార్లు పోయినా. 2000లో మొదలైంది ఆ సేవ, నేను చేరింది చాలా తర్వాత. కాషాయం కండువా వేసుకుంటే ఎంత గర్వంగా ఉంటుందో, మొదటి రోజు సాయంత్రానికి నడుము దగ్గర ఆ గర్వం మొత్తం దిగిపోతుంది. నాకు పడింది అన్నప్రసాదం డ్యూటీ. తెల్లవారుజామున గుమ్మడికాయలు తరగడం. ఒక్కో కాయ మా మనవడంత ఉంటుంది. ఎదురుగా కూర్చుని తరిగే ఆమె బ్యాంకు మేనేజరని మూడో రోజు గానీ తెలీలేదు. కత్తిపీట ముందు అందరం గుమ్మడికాయ వాళ్ళమే.

ఆ భవనానికి వెంగమాంబ పేరు. మన తరిగొండ ఆడపడుచే, వాయల్పాడు పక్కన. రెండు వందల ఏళ్ళ పైమాట, కొండ మీద యాత్రికులకు అన్నం పెట్టిన మనిషి. ఇప్పటి నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న ఎన్టీఆర్ మొదలుపెట్టారు, మొదట్లో రోజుకు 2,000 మందికి. ఇప్పుడు ఒక్కో హాల్లోనే వెయ్యి మంది కూర్చుంటారు. ఒక బంతి లేస్తుంటే ఇంకో బంతి తలుపు దగ్గర.

సాంబారు బకెట్టు మోసేటప్పుడు వంగి పోస్తుంటాం కదా, ముఖాలు కనబడవు, చేతులే. రాళ్ళ ఉంగరాలు నాలుగున్న చెయ్యి, పక్కనే సున్నం పని చేసి పగిలిన చెయ్యి. రెండూ ఒకేలా "ఇంకొంచెం" అంటాయి. రెండో రోజు ఒక ఉంగరాల చెయ్యి మూడోసారి అడిగితే నాకు ఒళ్ళు మండింది, ఇంత డబ్బున్నోడికి ఉచిత భోజనం ఎందుకు అని బకెట్టు పట్టుకుని ముఖం చూశా. వెనకాల రసం తెస్తున్న పెద్దామె మోచేత్తో పొడిచింది. "పొయ్యమ్మా, ముఖం చూసే డ్యూటీ మనకు వెయ్యలే" అంది.

పుణ్యం సంగతి అడిగారు కాబట్టి ఉన్నది చెప్తా. నేను మొదటిసారి పోయింది మా అమ్మాయి పెళ్ళి కుదరాలని. మేష్టారి లెక్కలో పక్కా రాజసం. కుదరలేదు. రెండోసారి పోయినా, కుదరలేదు. మూడోసారి వెళ్తుంటే మా ఆయన "ఆయనకు అడ్రసు సరిగ్గా చెప్తున్నావా" అని ఎగతాళి. నాలుగోసారి పోయినప్పుడు అడగడమే మర్చిపోయినా. ఆ రోజు జనం అంత ఉన్నారు. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటోంది, పెళ్ళి మాట ఎత్తితే ఫోన్ పెట్టేస్తుంది. ఈ డిసెంబరుకు మళ్ళీ పేరు ఇచ్చినా.

నిమ్మసోడా · సోమవారం ఉదయం 11:34

అక్కా, మీ అమ్మాయి దేవుడికి వేరే సేవ చేసి స్టే తెచ్చుకున్నట్టుంది.

తిరుచానూరు అక్క · సోమవారం ఉదయం 11:36

నోర్మూయ్ 😄

బైరాగిపట్టెడ బాబు · సోమవారం రాత్రి 10:15

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అమ్మకు అన్నీ చదివి వినిపించా. అరటిపళ్ళ అవ్వ దగ్గర రెండుసార్లు చదివించుకుంది.

ప్యాసింజర్ అన్నా, మీ ప్రశ్నకు నిన్నటి నుంచి నిద్ర లేదు. ఆగస్టు మనిషేనా? చిన్నోడి ఎడమ చెవికి ఎర్ర రాయి పోగు ఉండింది, ఆదివారం కూడా ఉంది. నాకు తెలిసి అదే. కానీ ఎర్ర రాయి పోగు ఎంతమందికి ఉంటుందో మరి.

చదివాక మా అవ్వ గుర్తొచ్చింది. నాయనమ్మ. మాది చంద్రగిరి దగ్గర పల్లె. పెరటాసి నెలలో అరవ దేశం నుంచి పసుపు గుడ్డలు కట్టుకుని "గోవిందా" అంటూ నడిచిపోతారు కదా, వాళ్ళ కోసం అవ్వ చింతచెట్టు కింద రెండు కుండలు పెట్టేది. ఒకదాంట్లో మజ్జిగ, ఒకదాంట్లో రాగి అంబలి. మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు నలిపి వేసేది. బొబ్బలెక్కిన కాళ్ళకు వేపనూనె. నా పని చెంబు అందించడం. ఏడెనిమిదేళ్ళుంటాయి నాకు.

మా ఊరి తాగుబోతు ఒకడు పసుపు పంచె కట్టుకుని నడిచేవాళ్ళతో కలిసి వచ్చి రోజూ రెండు చెంబులు అంబలి తాగిపోయేవాడు. నాకు తెలుసు, అవ్వకు తెలుసు, ఊరంతటికీ తెలుసు. "అవ్వా, వాడు కొండకు పోడు, సారాయి అంగడికి పోతాడు" అని నేను గట్టిగా అరిచా ఒకరోజు. అవ్వ నా చేతిలోంచి చెంబు లాక్కుని తనే పోసింది వాడికి. వాడు పోయాక నా నెత్తిన ఒకటి మొట్టింది. ఎందుకు కొట్టిందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. పెరటాసి అయ్యేదాకా వాడు వస్తూనే ఉన్నాడు.

అమ్మ ఏమందంటే, "1,500 ఇచ్చినావని నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళు, ఆ రోజు మందుల షాపులో అప్పు పెట్టినావు గదా."

నైట్ డ్యూటీ · సోమవారం రాత్రి 10:40

అమ్మలందరూ ఒకటే 😄

సరే, ఈసారి ఎవరైనా అలా వస్తే ఏం చేయాలో నాకు తెలిసింది చెప్తా. మీ ఫోన్ నుంచి వాళ్ళ ఇంటికి కాల్ చేయించండి, స్పీకర్లో. నిజంగా పోగొట్టుకున్నవాళ్ళు ఫోన్ చూడగానే ఏడుస్తారు, నంబరు గుర్తు లేకపోయినా కనీసం ఊరి పేరు, పక్కింటివాళ్ళ పేరు గబగబా చెప్తారు. ఆకలి అంటే దేవస్థానం వాళ్ళ వసతి భవనాలు విష్ణునివాసంలోనో శ్రీనివాసంలోనో అన్నప్రసాదం ఉంటుంది, చూపించండి. టికెట్ అయితే బస్సు దాకా పోయి కండక్టర్ దగ్గర మీరే తీసుకోండి. కానీ ఒక జాగ్రత్త, "మా వాళ్ళు మీకు ఫోన్‌పే చేస్తారు, మీరు క్యాష్ ఇవ్వండి" అంటే ఒప్పుకోవద్దు. ఎక్కువ పడింది, మిగతాది వెనక్కి పంపండి అని ఇంకో కథ మొదలవుతుంది.

టమాటా మండీ · సోమవారం రాత్రి 10:52

ఆడవాళ్ళకు ఫ్రీ బస్సు వచ్చాక టికెట్ కథ మా వైపు తగ్గింది. ఇప్పుడు మందుల చీటీ కథ. చీటీ తీసుకుని షాపుకు పోదాం పదమ్మా అంటే సగం మంది వస్తారు. వచ్చినోళ్ళకు కొనిచ్చేయడమే, అందులో మళ్ళీ ఆలోచన లేదు.

చిత్తూరు నీలం · మంగళవారం ఉదయం 7:15

సోడా అన్నా, దొరికింది! విశ్వామిత్రుడు! హరిశ్చంద్రుణ్ణి తన సొంత ముఖంతోనే అడిగాడు!

నిమ్మసోడా · మంగళవారం ఉదయం 7:40

ఒప్పుకున్నా. నిజం చెప్పి అడిగినోడు ఒకడు దొరికాడు. వాడు అడిగింది రాజ్యం మొత్తం, ఇచ్చినోడు కాటికాపరి అయ్యాడు. ఇంతకంటే బస్టాండు ఆసామే నయం కాదా?

పాకాల మేష్టారు · మంగళవారం ఉదయం 7:58

నీలానికి పది మార్కులు. సోడాకు కూడా.

బైరాగిపట్టెడ బాబు · ఆదివారం ఉదయం 9:26

చెప్పకుండా ఉండలేక రాస్తున్నా.

ఈ రోజు పొద్దున కావాలనే ఆరున్నరకు బస్టాండు దగ్గరికి పోయినా. ఉన్నాడు. ఈసారి పిల్లల్లో చిన్నోడొక్కడే ఉన్నాడు, ఎర్ర రాయి పోగుతో. నా దగ్గరికే వచ్చి మొదలుపెట్టాడు. దర్శనం, రద్దీ, పర్సు. ఊరు ఈసారి ఆదోని. నేను మధ్యలో ఆపి "టిఫిన్ చేద్దాం రా అన్నా" అన్నా. కొంచెంసేపు నన్నూ, రోడ్డు అవతలా చూసి వచ్చాడు.

బండి దగ్గర నిలబడి తిన్నాం. చిన్నోడు నాలుగిడ్లీ తిన్నాడు, చట్నీ గిన్నె వేలితో తుడిచి మరీ. ఆయన రెండే తిన్నాడు. తల దించుకుని తింటుంటే గుండు మీద గీతలు కనబడ్డాయి, బ్లేడు గాట్లు. కొన్ని మానినవి, కొన్ని కొత్తవి. కల్యాణకట్టలో అలా గీయరు. ఇంట్లో ఎవరో గీస్తున్నారు, లేదా ఆయనే గీసుకుంటున్నాడు.

తినడం అయ్యాక, కథ మిగతా సగం చెప్తాడని చూస్తున్నా. చెప్పలేదు. చెయ్యి కడుక్కుని, లుంగీకి తుడుచుకుని మెల్లిగా అడిగాడు. "సార్, ఇంతకు ముందు మీకు చెప్పినానా నేను?"

చెప్పావు అన్నా, ఆగస్టులో. కర్నూలు అని.

"పెద్దోడికి జొరం. ఇంట్లో ఉండాడు" అన్నాడు. అది నిజమో కాదో నాకు తెలీదు. ఫోన్ చేయించాలని, స్పీకర్ పెట్టాలని సిస్టర్ చెప్పిందంతా ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు. నాలుగిడ్లీ పార్సిల్ కట్టమన్నా. ఆయన వద్దనలేదు, దండం కూడా పెట్టలేదు. చిన్నోడు పార్సిల్ పట్టుకుని ముందు నడిచాడు.

మొత్తం 90 అయింది. ఇంటికొచ్చి చెప్తే అమ్మ అడిగిన మొదటి మాట, "జొరం పిల్లోడికి చట్నీ కారంగా ఉంటాది, పొడి వేయించినావా?"

తిరుచానూరు అక్క · ఆదివారం ఉదయం 9:40

వేయించావా?

బైరాగిపట్టెడ బాబు · ఆదివారం ఉదయం 9:41

లేదక్కా. మర్చిపోయినా.